ఐదు నాలుగు కన్నా పెద్దదే, అయితే ఏమిటి?

పాత కార్ల మీద మోజున్న మిత్రులందరూ ఒకరి తరవాత ఒకరు నాకు ఒకే వాట్సాప్ సందేశాన్ని పంపుతున్నారు. ఆదివారం పొద్దున గండిపేట దాకా కార్లు తీసుకువెళ్లే మా బృందంలో అయితే ఒకరు పంపినదాన్ని చదవకుండానే ఇంకొకరు మళ్లీ పంపుతున్నారు. ‘షోరూములు మీకు చెప్పని గేరాయిల్ రహస్యం’ అనే ఆ సందేశం సారాంశం ఇది: జీఎల్-4 రకం గేరాయిల్ కాలం చెల్లినది కనుక ఇరవై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కార్లన్నిటిలో జీఎల్-5 పోయాలి, హైదరాబాదు ఎండకు 90 గ్రేడు చిక్కదనం చాలదు, 140 వాడాలి, సింథటిక్ పోస్తే పాత సీళ్లు కారతాయి, రెండో గేరు గర్రుమంటే ఒక సీసా అడిటివ్, అంటే ఆయిల్‌లో కలిపే మందు, పోస్తే సరిపోతుంది, ఆయిల్ నల్లబడిందంటే దాని పని అయిపోయినట్టే, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ను మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పోసేవాడికి మతి లేదు, ఆయిల్ మార్చేటప్పుడు ముందు ఆయిల్ పోసే రంధ్రపు నట్టు విప్పి, ఆ తరవాతే ఆయిల్ కార్చే కింది నట్టు విప్పాలి. దీన్ని ‘మన కార్లకు పనికొస్తుంది’ అంటూ పంపినవారిలో హోండా సిటీ వీటెక్ ఉన్నవారు, ఫియట్ పాలియో 1.6 ఉన్నవారు, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ ఉన్నవారు కూడా ఉన్నారు. ముగ్గురు తయారీదారుల గేర్‌బాక్సులకు ఒకే డబ్బా ఎలా సరిపోతుందన్న అనుమానం మాత్రం ఒక్కరికీ రాలేదు.

రంగు సంగతి తొందరగా తేల్చేయవచ్చు. కింది డ్రెయిన్ నట్టుకుండే అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల. ఆ ముద్దను రెండు వేళ్ల మధ్య నలిపినప్పుడు గుచ్చుకునే ఉక్కు తునకలు తగిలినా, కారిన ఆయిల్‌లో పసుపు తళుకు కనిపించినా కంగారుపడాలి. ఆయిల్ నలుపా గోధుమ రంగా అన్నది దాని ముందు లెక్కలోకి రాదు. సీళ్ల విషయమూ అంతే: ఇరవై ఏళ్ల వేడికి గట్టిపడి పగిలిన రబ్బరు ఏ ఆయిల్ పోసినా కారుతుంది, ఆ నేరాన్ని సింథటిక్ మీదికి నెట్టడం అన్యాయం.

ఇక 140 గ్రేడు. గేరాయిల్ అంకెలకూ ఇంజన్ ఆయిల్ అంకెలకూ కొలబద్దలు వేరు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 90 గ్రేడు గేరాయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్సుల (చిక్కదనానికి కొలమానం) మధ్య ఉంటే, 40 గ్రేడు ఇంజన్ ఆయిల్‌ది 12.5 నుంచి 16.3 మధ్య ఉంటుంది. అంటే రెండూ ఇంచుమించు ఒకే చిక్కదనం. 140 గ్రేడు 24 దగ్గర మొదలవుతుంది. ఈ కొలతలన్నీ 100 డిగ్రీల దగ్గర తీసుకున్నవి కనుక మే నెలలో బయట 42 డిగ్రీలుందని కొత్తగా గాభరాపడవలసిన పని లేదు. డిసెంబరు తెల్లవారుజామున మాత్రం ఆ 140 రెండో గేరును పడనివ్వదు, అప్పుడు ఇదే మిత్రుడు క్లచ్ పోయిందని మెకానిక్ దగ్గరికి పరుగెత్తుతాడు.

అసలు ప్రమాదం మొదటి సలహాలో ఉంది. అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఇచ్చిన జీఎల్ అంకెలు ఏ రకం గేర్లకు ఏ ఆయిల్ అని చెప్పేవి. వాటిలో మంచి, మరీ మంచి అనే వరుసను వెదకడం వృథా. జీఎల్-5 హైపాయిడ్ గేర్ల కోసం, అంటే పినియన్ అనే చిన్న గేరు ఇరుసు, క్రౌన్ వీలు అనే పెద్ద గేరు మధ్యరేఖ నుంచి పక్కకు జరిగి ఉండే వెనుక యాక్సిళ్ల కోసం ఉద్దేశించినది. అక్కడ పళ్లు దొర్లడమే కాక ఒకదాని మీద ఒకటి బలంగా జారతాయి కనుక, ఆయిల్ పొర తెగినా లోహం లోహాన్ని పట్టకుండా గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలను జీఎల్-4లో కంటే దాదాపు రెట్టింపు కలుపుతారు. ఇంజన్ అడ్డంగా కూర్చున్న ముందు చక్రాల కార్లలో, అంటే పైన చెప్పిన మూడింటిలోనూ, హైపాయిడ్ గేరే లేదు. చక్రాలకు శక్తినిచ్చే ఆఖరి గేరు జత, ఫైనల్ డ్రైవ్, కూడా మామూలు హెలికల్ (ఏటవాలు) పళ్లదే. ఇక ఆ అదనపు రసాయనం ఎవరి కోసం?

అక్కరలేనిదైతే పోనీ అనుకోవచ్చు, కానీ అది గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగుకు అడ్డుపడుతుంది. గేరు మార్చేటప్పుడు ఇత్తడి రింగు గేరు మీది శంకువుకు ఒరుసుకుని, మధ్యలోని ఆయిల్‌ను తన సన్నని గాడుల గుండా బయటికి నెట్టి, ఆ రాపిడితోనే రెండింటి వేగాన్నీ సమం చేయాలి. రాపిడే కావలసిన చోట దాన్ని చంపే ఆయిల్ పోయడం సైకిల్ బ్రేకు రబ్బర్లకు కొబ్బరినూనె రాయడమే. రింగు పట్టు తప్పుతుంది, తొందరలో ఉన్న డ్రైవరు లివరును నెడతాడు, గేరును ఇరుసుకు కలిపే స్లీవు వెళ్లి గేరు పళ్ల కొసలను కొరుకుతుంది. గేర్‌బాక్స్ విప్పించినప్పుడు ఆ రింగును చేతిలోకి తీసుకుని లోపలి వైపు గోరు ఆనించి చూడండి: కొత్తదైతే గాడులు గరగరమంటాయి, అరిగినదైతే గోరు నున్నగా జారిపోతుంది. దాన్ని గేరు శంకువు మీద నొక్కిపట్టి, మధ్య సందును ఫీలర్ గేజ్‌తో, అంటే సందు కొలిచే సన్నని రేకులతో, కొలిస్తే ఎంత అరిగిందో తెలుస్తుంది. ఇరవై ఏళ్ల నాటి గేర్‌బాక్స్‌కు ఆ రింగు కోసం రాణిగంజ్‌లో, పుత్లీబౌలిలో దుకాణాలు తిరిగినవాడెవడూ ఈ సందేశాన్ని ఫార్వర్డ్ చేయడు.

ఇక్కడ నా పక్షంవాళ్లకూ ఒక మాట చెప్పాలి. జీఎల్-5 పోసిన నెలకే ఇత్తడి కరిగిపోతుందని బెదిరించడమూ అతిశయోక్తే. వెనకటి గంధక రసాయనాలు వేడిలో రాగి మిశ్రమాలను తినేసేవన్నది నిజం. అయితే రాగి రేకును వేడి ఆయిల్‌లో ముంచి మరక ఎంతపడిందో చూసే ఏఎస్‌టీఎం డీ130 పరీక్షలో ఇప్పటి మంచి జీఎల్-5 ఆయిళ్లు చాలావరకు గట్టెక్కుతాయి. కానీ రేకు మీద మరక పడకపోవడం వేరు, రింగుకు పట్టు దొరకడం వేరు. మరొకటి కూడా ఒప్పుకోవాలి. సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్ లాంటి కార్లలో ముందు చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ గేరు కూడా గేర్‌బాక్స్‌తో ఒకే ఆయిల్‌లో తిరుగుతుంది కనుక సుబారు కారుతో ఇచ్చే పుస్తకాలే జీఎల్-5 అడుగుతాయి, ఆ సింక్రోలను కూడా దానికి తగ్గట్టే చేశారు. సందేశం రాసిన మహానుభావుడు సుబారు యజమాని అయితే, ఆయన కారు వరకు ఆయన మాట సత్యం.

ఆటోమేటిక్ ఆయిల్ పోసేవాడికి మతి లేదన్న తీర్పు వింటే ఫోర్డ్, బీఎండబ్ల్యూ ఇంజనీర్లు ఏమనుకుంటారో. 1980ల చివరి మస్టాంగుల్లోని టీ-5 గేర్‌బాక్స్‌కు తయారీదారు చెప్పినదే డెక్స్‌రాన్ రకం ఆటోమేటిక్ ఆయిల్. 1990ల బీఎండబ్ల్యూ మాన్యువల్ గేర్‌బాక్సుల్లో కొన్నిటికీ అంతే. హోండా సంగతి ఇంకా తమాషా: వాళ్ల పాత కార్ల పుస్తకాలు చాలావరకు సొంత ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్) వాడమని, అది దొరకనప్పుడు తాత్కాలికంగా 10డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ పోసుకోవచ్చని చెబుతాయి. అలాంటి గేర్‌బాక్స్‌లో లారీ యాక్సిల్‌కు పోసే ఆయిల్ పోసి, గేర్లు గట్టిగా పడుతున్నాయని, ఆపైన సీసా అడిటివ్ కలపమంటున్నారు. ఆ సీసాల్లో చాలావాటి గొప్పతనం జారుడు పెంచడమే. అరిగిన రింగుకు పట్టు చాలక గర్రుమంటుంటే ఇంకాస్త జారుడు పోస్తే బాగుపడుతుందని నమ్మేవారికి నేను చెప్పగలిగింది లేదు. గేర్‌బాక్స్ దించడానికి మెకానిక్ అడిగే కూలి ఆయనే చెబుతాడు.

చివరి సలహా మాత్రం అక్షరాలా నిజం, దాన్ని రాసినవాడు ఎప్పుడో ఒకప్పుడు స్పానర్ పట్టాడని నమ్ముతున్నాను. ముందు కింది నట్టు విప్పి ఆయిల్ అంతా కార్చేశాక, పోసే నట్టు తుప్పుపట్టి కదలకపోతే, లేదా దాని మూలలు అరిగి స్పానర్ జారిపోతే, కారు ఇంకో షెడ్డు దాకా నడపడానికి కూడా పనికిరాదు. అనేక పాత గేర్‌బాక్సుల్లో ఆ రంధ్రమే మట్టం చూపే గుర్తు కూడా: అక్కడి నుంచి ఆయిల్ కారడం మొదలయ్యేదాకా పోసి, ఆగి, నట్టు బిగించాలి. అయితే కారు చదునుగా నిలబడి ఉండాలి, ముందు చక్రాలను మాత్రమే జాకీ మీద లేపి పోస్తే ఆ మట్టం తప్పు చూపుతుంది. ఈ ముక్క సందేశంలో లేదు, మళ్లీ ఫార్వర్డ్ చేసేవారు చేర్చుకోవచ్చు.