ఆమె కూర్చున్నది కాళ్ల నొప్పుల వల్ల కాదు

మా అమ్మాయి పదో తరగతి. వక్తృత్వ పోటీలో రోజా పార్క్స్ గురించి మూడు నిమిషాలు మాట్లాడాలని నిన్న రాత్రి నా ముందు ప్రాక్టీస్ చేసింది. "రోజంతా కుట్టుపని చేసి అలసిపోయిన ఆ తల్లి సీట్లోంచి లేవలేకపోయింది" అని మొదలుపెట్టగానే ఆపమన్నాను. ముప్పై ఏళ్ల కిందట నేనూ ఇదే బట్టీ పట్టాను.

తెల్లవాళ్లకి సీటు ఇవ్వడానికి బస్సులో లేవమంటే లేవకుండా అరెస్టయిన అమెరికా నల్లజాతి మహిళ రోజా పార్క్స్. 1955 డిసెంబర్ 1న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో ఆ బస్సెక్కేనాటికి ఆవిడ వయసు 42. అప్పటికి పన్నెండేళ్లుగా నల్లజాతీయుల హక్కుల సంఘంలో పనిచేస్తున్నారు. 1943లో ఆమెను బస్సులోంచి దింపేసిన డ్రైవరే ఆ రోజూ బస్సు నడుపుతున్నాడు. ఒంట్లో అలసటేమీ లేదని, లొంగి లొంగి విసిగిపోయానని తర్వాత ఆవిడే చెప్పారు. తెలిసి చేసిన ఎదిరింపుని మనం కాళ్ల నొప్పులుగా మార్చేశాం. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం.

ఇంకా కోపం ఎక్కడంటే, ఆవిడకి తొమ్మిది నెలల ముందు అదే ఊళ్లో ఓ నల్లజాతి స్కూలు పిల్ల ఇదే పని చేసింది. పేరు క్లాడెట్ కాల్విన్. వయసు 15, మా అమ్మాయి ఈడే. బూట్లు కొనాలంటే షాపులో తొడిగి చూసే హక్కు కూడా లేక, కాగితం సంచి మీద పాదం గీసుకుని పట్టుకెళ్లిన బాల్యం ఆమెది.

1955 మార్చి 2. స్కూలు వదిలాక బస్సెక్కింది. ఓ తెల్లావిడ నిలబడింది, డ్రైవర్ లేవమన్నాడు. పక్కనున్న ముగ్గురు పిల్లలు లేచారు. ఇక్కడొక్క నిమిషం ఆగి చూడండి. మూడు సీట్లు ఖాళీ అయ్యాయి. అయినా ఆ తెల్లావిడ కూర్చోలేదు. అదే వరసలో నల్లపిల్ల కూర్చుని ఉంటే తాను కూర్చోకూడదు మరి! అంటే గొడవ సీటు కోసం కాదు. పక్కపక్కన కూర్చుంటే ఇద్దరూ సమానమైపోతారని భయం. క్లాడెట్ లేవలేదు. టికెట్ డబ్బులు కట్టాను, ఇది నా రాజ్యాంగ హక్కు అని అరుస్తుంటే పోలీసులు ఈడ్చుకెళ్లారు. పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. చేతులకు బేడీలు వేసి పెద్దవాళ్ల జైల్లో పెట్టారు.

ఉద్యమ పెద్దలు మాత్రం ఆ అమ్మాయిని ముందు నిలబెట్టలేదు. చిన్నపిల్ల, బీద ఇల్లు, ఒళ్లు బాగా నలుపు. తర్వాత కొన్నాళ్లకు పెళ్లి కాకుండానే గర్భవతి అయింది. పత్రికలు నోటికొచ్చినట్టు రాస్తాయని వాళ్ల టెన్షన్, అది నాకు అర్థమవుతుంది. కానీ డెబ్బై ఏళ్ల తర్వాత మనకేం భయం? ఎదిరించిన మనిషికి క్యారెక్టర్ సర్టిఫికెట్ ఉంటేనే పాఠంలో చోటిస్తామా?

నిజానికి బస్సుల్లో ఆ వివక్షను కొట్టేసిన బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసులో రోజా పార్క్స్ లేరు. ఆ కేసు వేసిన నలుగురు ఆడవాళ్లలో క్లాడెట్ ఒకరు. 1956 మేలో కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పటికి ఆమెకు పదహారేళ్లు, ఇంట్లో చంటిబిడ్డ. నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. రోజా పార్క్స్ అరెస్టు తర్వాత ఆ ఊరి నల్లజాతీయులు మొదలుపెట్టిన 381 రోజుల బస్సుల బహిష్కరణ డిసెంబర్‌లో ముగిసింది. క్లాడెట్ న్యూయార్క్ వెళ్లిపోయి, వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా ఏళ్ల తరబడి పనిచేశారు. 1955లో ఆమె మీద పెట్టిన కేసు రికార్డుని కోర్టు చెరిపేసింది 2021లో. అప్పటికి ఆమె వయసు 82.

ఇదంతా చెప్పాక మా అమ్మాయి మొదటి పేజీ చింపేసింది. "పదిహేనేళ్లా నాన్నా? నా అంతేనా?" అని రెండుసార్లు అడిగింది. ప్రసంగం ఇప్పుడు క్లాడెట్‌తో మొదలవుతుంది. ఆ మూడు ఖాళీ సీట్ల దగ్గర గొంతు వణుకుతోంది తనకి. శుక్రవారం పోటీ.