సవరణ: ఈల్‌గ్రాస్ తెగులు ఫంగస్ పని కాదు

1930లలో ఉత్తర అట్లాంటిక్ తీరాల్లో ఈల్‌గ్రాస్ అనే సముద్రపు గడ్డి పెద్ద ఎత్తున చనిపోయింది. సముద్ర శిలీంధ్రాల (ఫంగస్‌ల) గురించిన గత పోస్టులో దానికి కారణం లాబిరింథులా అనే ఫంగస్ అని ఉంది. అక్కడ ‘ఫంగస్’ తీసేసి ‘సూక్ష్మజీవి’ అని చదవాలి.

లాబిరింథులాను ఒకప్పుడు శిలీంధ్రాల్లోనే లెక్కించేవారు. కానీ జన్యువులను పోల్చి చూస్తే అది డయాటమ్‌లు (ఏకకణ నాచులు), గోధుమరంగు నాచులు ఉన్న స్ట్రామెనోపైల్స్ శాఖకు చెందుతుంది. శిలీంధ్రాల్లా కనిపించే ఊమైసీట్లదీ అదే శాఖ. ఊమైసీట్ల కణకవచంలో సెల్యులోజ్ ఉంటుంది, శిలీంధ్రాల్లో లాగా కైటిన్ ముఖ్యం కాదు.

అసలైన సముద్ర శిలీంధ్రాల్లోనూ అన్నిటికీ ఒకే మూలం లేదు. హాలోస్ఫేరియేసీ అనే కుటుంబం, లుల్వర్తియేల్స్ అనే వర్గం రెండూ ఆస్కోమైకోటా అనే పెద్ద శిలీంధ్ర విభాగంలోవే అయినా, వాటి పూర్వీకులు నేల మీది నుంచి వేర్వేరుగా సముద్రంలోకి దిగారు. నాకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది హాలోస్ఫేరియేసీ సిద్ధబీజాలు (స్పోర్లు). చాలా జాతుల్లో వాటికి సన్నని తోకల్లాంటివి ఉంటాయి. నీళ్లలో తేలుతూ కర్ర తగిలితే వాటితో పట్టుకుంటాయి. మన కోరింగ మడ అడవుల్లో నీట మునిగిన కలపను కుళ్లబెట్టేవాటిలో ఈ కుటుంబం వాళ్లూ ఉన్నారు. గత పోస్టులో ఆ భాగంలో మార్పేమీ లేదు.