నీకేం తక్కువ అంటే, డి

విటమిన్ డి లోపం మీద రాసినవాళ్ళంతా దాన్నొక జబ్బులాగే చూశారు గానీ, అది తెలుగు కుటుంబాలకి చేసిన మేలు గురించి ఒక్కరూ రాయలేదు. ఆ లోటు నేను పూడుస్తాను. నాకు అర్హత కూడా ఉంది. నా డి 11.4.

ఆ సంఖ్య నా చేతికి రాకముందు నాకో అలవాటు పట్టుకుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి సెల్లార్‌లో కారు పెట్టి, ఇంజిన్ ఆపి, దిగకుండా అలాగే కూర్చునేవాణ్ణి. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, ఒకరోజు నలభై. ఫోన్ చూడను, పాట పెట్టను, ఎదురుగా స్తంభం మీద పసుపు పెయింటుతో రాసిన మా ఫ్లాట్ నంబర్ వంక చూస్తూ ఉండడం, అంతే. పైన ఇంట్లో గొడవలేం లేవు, ఆ నెల ఈఎంఐ కూడా కట్టేశాను. లిఫ్ట్ బటన్ నొక్కాలంటేనే బరువుగా ఉండేది. ఒకసారి వాచ్‌మన్ వచ్చి అద్దం మీద టకటకా కొట్టి "సార్, ఏసీ పెట్టుకుని కార్ల పండొద్దు, గ్యాస్ వస్తదంట" అని హెచ్చరించి వెళ్ళాడు. ఆ మూడు వారాల్లో నా మానసిక స్థితి మీద సమాజం చూపించిన శ్రద్ధ మొత్తం అదే.

తర్వాత అమ్మ ఫోన్ చేసింది.

"ఏంట్రా, గొంతు అలా ఉంది?"

"ఏమోనమ్మా, దేని మీదా మనసు పోవట్లేదు. డిప్రెషనేమో."

అవతల కాసేపు చప్పుడు లేదు. గుంటూరు నుంచి సిగ్నల్ పోయిందనుకున్నాను. పోలేదు.

"నోటితో అలాంటి మాటలు అనకు. ఉద్యోగముంది, ఇల్లుంది, బంగారం లాంటి పిల్లలున్నారు. నీకేం తక్కువరా?"

ఈ ప్రశ్న మీకూ పరిచయమే. దిగులుగా ఉన్నానని నోరు తెరిచిన ప్రతి తెలుగువాడినీ, తెలుగుదాన్నీ ఈ ప్రశ్నే అడిగారు. అడిగేవాళ్ళు ప్రేమతోనే అడుగుతారు, అందుకే దానికి జవాబు లేదు. తక్కువైందేమిటో వేలు పెట్టి చూపించగలిగితే అసలు దిగులెందుకు పడతాం? తాతల కాలం నుంచి జవాబు లేక తల దించుకుని, కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయిన జాతి మనది.

సరిగ్గా ఆ సమయంలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో రక్తపరీక్షల క్యాంపు పెట్టారు. బిర్యానీ ధరకి అరవై రెండో అరవై నాలుగో పరీక్షలు, పైగా ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళకి ఇడ్లీ ప్యాకెట్ ఉచితం. మర్నాటికల్లా ఫోన్‌లోకి రిపోర్టు దిగింది, అందులో అన్నీ మర్యాదగా నల్ల అక్షరాల్లో ఉన్నాయి గానీ ఒక్క వరుస మాత్రం ఎర్రగా, లావుగా, పక్కన కిందికి చూసే బాణంతో ఉంది. విటమిన్ డి, 11.4 నానోగ్రాములు, కనీసం 30 ఉండాలని పక్కనే రాసుంది.

వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, నాకేం తక్కువ అన్నావుగా? డి తక్కువట."

"అదా!" అంది. ఆ ఒక్క మాటలో ఎంత నిశ్చింత ఉందో నేను రాయలేను. "ముందే చెప్పొచ్చుగా, ఊరికే హడలగొట్టావు." అరగంటలో విషయం పిన్నికి చేరింది, పిన్ని నుంచి అత్తయ్యకి చేరింది. డిప్రెషన్ అన్న రోజున ఎవరికీ చెప్పకు అన్న మనిషే డి తక్కువ అనగానే వియ్యాలవారికి కూడా చెప్పేసింది. సాయంత్రానికి ఫ్యామిలీ గ్రూపులో వేలంపాట మొదలైంది. మా వాడికి 9 అని పిన్ని, మా కోడలికి 7 అని అత్తయ్య. 24 వచ్చిన మా బావ ఒక్కడూ ఏమీ పెట్టలేదు పాపం, ఎంసెట్ ర్యాంకు చెప్పుకోలేకపోయిన రోజున కూడా అలాగే ఉన్నాడు.

నేను గమనించిందేమిటంటే, డి లోపానికి ఉన్న మర్యాద మరే బాధకీ లేదు. డిప్రెషన్ అంటే సంబంధాలు రావు, డి తక్కువంటే సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా మాకూ తక్కువేనండీ అని సోఫాలో ఇంకాస్త దగ్గరికి జరుగుతారు. మేనేజర్‌కి మనసు బాగాలేదని సెలవు పెట్టలేం, విటమిన్ బాగాలేదని పెట్టొచ్చు. పైగా దీనికి దశాంశస్థానం ఉంది. ఏడుపొస్తోంది అంటే నమ్మనివాళ్ళు 11.4 అంటే నమ్ముతారు.

ఇక ఇంత ఎండలో ఈ లోపమేంటని కొందరు అమాయకంగా అడుగుతుంటారు. ఎండ ఊళ్ళో ఉంటుందండీ, మన ఒంటి మీద కాదు. మనం ఎండని ఎంత జాగ్రత్తగా తప్పించుకుంటామో చూడండి. స్కూటీ మీద వెళ్ళే అమ్మాయికి కళ్ళు తప్ప ఏమీ కనబడవు, మోచేతుల దాకా గ్లౌజులు, మెడ చుట్టూ మూడు చుట్ల చున్నీ. ఆడపిల్లని గొప్పగా పెంచాం అని చెప్పుకోవాలంటే మన భాషలో ఉన్న మాటే ఎండ కన్నెరగకుండా పెంచాం అని. అంటే లోపాన్ని పెంపకంలో భాగంగా, కట్నం లేకుండా ఇచ్చి పంపుతున్నామన్నమాట. ఇక తూర్పు ఫేసింగ్ ఫ్లాట్ కోసం అదనంగా లక్షలు పోస్తాం, గృహప్రవేశం అయిన వారానికే ఆ తూర్పు కిటికీకి దళసరి కర్టెన్ వేస్తాం, సోఫా రంగు వెలిసిపోతుందని. కర్టెన్ తీసినా లాభం లేదనుకోండి. మన చర్మంలో డి తయారు కావడానికి ఎండలోని యూవీ-బి అనే కిరణాలు కావాలి, అవి కిటికీ అద్దం దాటి రావు, అద్దం వెనక కూర్చుంటే ఒచ్చేది ఉక్కపోతే.

పోనీ భక్తితో సాధిద్దామా అంటే అదీ కుదరదు. రథసప్తమి నాడు తెల్లవారుజామున నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసి సూర్యుడికి నమస్కారం పెడతాం, ఆయన ఆశీర్వదిస్తాడేమో గానీ డి మాత్రం ఇవ్వడు. ఆ లేత ఎండ ఏటవాలుగా వస్తుంది, అందులో యూవీ-బి దాదాపు ఉండదు. ఇది చక్కగా పరీక్షించి చూసింది మన తిరుపతిలోనే. అక్కడి పరిశోధకులు తేల్చిందేమిటంటే, చర్మంలో డి బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 మధ్య. సరిగ్గా ఆ వేళకే, ఏప్రిల్ వచ్చిందంటే చాలు, వడదెబ్బ తగులుతుంది ఎవరూ బయటికి రావద్దని కలెక్టర్లు ప్రకటన ఇస్తారు. వాళ్ళు చెప్పేదీ నిజమే, వడదెబ్బకి మనుషులు పోతారు. వీళ్ళు చెప్పేదీ నిజమే. ఇద్దరి మాటా విని బతకాలనుకున్నవాడు గడప మీద నిలబడాలి. (ఆ తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో పొలం పనులు చేసేవాళ్ళకి పట్నంవాళ్ళకంటే డి ఎక్కువే ఉంది గానీ, వాళ్ళలో కూడా చాలామందికి చాలినంత లేదని అక్కడే తేలింది. నలుపు తేలిన చర్మానికి ఎండ ఇంకా ఎక్కువసేపు కావాలి.)

కాబట్టి నాగరికుడికి మిగిలిన దారి సాషే. 60,000 యూనిట్లు, వారానికొకటి, 8 వారాలు. పాలల్లో వేసి తిప్పితే సగం కరిగి సగం గ్లాసు గోడలకి ఇసుకలా పట్టుకుంటుంది, మళ్ళీ కాసిని పాలు పోసి గిలకొట్టి తాగాలి. అందులో ఉన్నదేమిటో తెలుసా? గొర్రె ఉన్నిలో ఉండే కొవ్వు. దాన్నుంచి తీసిన పదార్థానికి ఫ్యాక్టరీలో యూవీ దీపం వెలుగు పట్టిస్తే డి అవుతుంది. 2019 పశుగణనలో గొర్రెల లెక్కలో తెలంగాణదే దేశంలో మొదటి స్థానం, కోటీ తొంభై లక్షలు. అన్ని గొర్రెలు రోజంతా ఎండలో తిరుగుతుంటే మనం ఏసీలో కూర్చుని వాటి జాతివాళ్ళ ఉన్ని మీది జిడ్డు తాగుతున్నాం. ఎవరు గొర్రెలో పాఠకులే తేల్చుకోండి. మా బాబాయ్ ఇంకాస్త శ్రద్ధాసక్తులున్న మనిషి, వారానికొకటి అన్నదాన్ని రోజుకొకటిగా నెల పైన వేసుకున్నాడు. రక్తంలో కాల్షియం పెరిగిపోయి, వాంతులు పట్టుకుని ఆసుపత్రిలో పడ్డాడు. ఆరు రోజులు అక్కడే, కిటికీ పక్క మంచం.

ఇప్పుడు మీరు అసలు విషయానికి రమ్మంటారు. డి తక్కువైతే డిప్రెషన్ వస్తుందా? డిప్రెషన్ ఉన్నవాళ్ళలో సగటున డి తక్కువగా కనిపించడం నిజం, చాలా దేశాల్లో చూశారు. మెదడులో కూడా ఈ డిని అందుకునే గ్రాహకాలున్నాయి, కాబట్టి సంబంధం ఉండొచ్చనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే అమెరికాలో కొందరు తలతిక్కవాళ్ళు దీన్ని నమ్మకానికి వదిలెయ్యకుండా, యాభై దాటిన 18,353 మందిని తీసుకుని, సగం మందికి రోజూ 2,000 యూనిట్ల డి, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఐదేళ్ళపాటు చూశారు. 2020లో ఫలితం వచ్చింది. డిప్రెషన్ రావడంలో గానీ, మూడ్‌లో గానీ రెండు గుంపులకీ తేడా లేదు. వాళ్ళలో ఎక్కువమందికి మొదట్నుంచీ డి పెద్దగా తక్కువ లేదు కదా అని మీరు వాదించొచ్చు, అది న్యాయమైన వాదనే. చిన్న చిన్న పరిశోధనలైతే తలో మాట చెబుతున్నాయి. ఏమైనా ఇలాంటి ఫలితం మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టకూడదు, కొంప మునుగుతుంది.

అంతకంటే ప్రమాదకరమైన ఆలోచన ఇంకొకటుంది. డి తగ్గి మనిషి దిగులుపడ్డాడా, దిగులుపడి ఎండలోకి పోక డి తగ్గిందా? సెల్లార్‌లో కారులో నలభై నిమిషాలు కూర్చున్నవాడికి డి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ లెక్కన నా 11.4 నా దిగులుకి కారణం కాకపోవచ్చు, దాని హాజరుపట్టీ కావచ్చు. ఇలా ఆలోచిస్తే మళ్ళీ "నీకేం తక్కువ" దగ్గరికే వచ్చి పడతాం కాబట్టి నేను ఆలోచించడం మానేశాను.

ఆ 30 గీత కథ కూడా చెప్పి వదిలేస్తాను. 20 ఉంటే దాదాపు అందరికీ చాలని 2010లో అమెరికాలో ఒక పెద్ద కమిటీ చెప్పింది, కాదు 30 ఉండాలని 2011లో అక్కడి హార్మోన్ల డాక్టర్ల సంఘం, ఎండోక్రైన్ సొసైటీ చెప్పింది. రాత్రికి రాత్రి 20కీ 30కీ మధ్య ఉన్న కోట్లమంది డి చాలనివాళ్ళైపోయారు. 2024లో ఆ సొసైటీవాళ్ళే ఆ 30ని ఇక సమర్థించట్లేదనీ, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి ఊరికే ఈ పరీక్ష చెయ్యక్కర్లేదనీ అన్నారు. మన ల్యాబుల ప్రింటర్‌కి ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు. చేరకూడదని నా కోరిక కూడా. అది చేరితే మా బావకి మిగిలిన ఆ 24 పరువు కూడా పోతుంది.

సంఖ్యల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 14416. ఇది నానోగ్రాముల్లో కాదు, ఫోన్ నంబరు. మనసు బాగాలేనివాళ్ళు మాట్లాడ్డానికి టెలి మానస్ అని కేంద్రం 2022లో పెట్టింది, డబ్బులు అక్కర్లేదు, ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. సాషే పేరు, కంపెనీ, ఏ పాలల్లో కలిపితే మంచిదో అన్నీ తెలిసిన మా గ్రూపులో ఈ నంబరు ఒక్కరూ ఫార్వర్డ్ చేసిన పాపాన పోలేదు. ఎందుకు చేస్తారు, మా ఇంట్లో ఎవరికీ డిప్రెషన్ లేదుగా.

నేను మాత్రం డాక్టర్ గారి మాట ప్రకారం ఒక ఆదివారం పన్నెండింటికి, బనీనుతో, సిగ్గుపడుతూ టెర్రస్ ఎక్కాను. అక్కడ అప్పటికే జనం ఉన్నారు. పాత చీర పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, వరసలు వరసలుగా గుమ్మడి వడియాలు. మా బ్లాకులో నలభై ఫ్లాట్లలో ఉన్న మనుషులందరికీ కలిపి దొరికిన ఎండకంటే ఆ వడియాలకి ఎక్కువ దొరికింది. ట్యాంకు నీడలో కాకుల్ని తోలుతూ వాచ్‌మన్ భార్య కూర్చుంది.

"ఏం సార్, ట్యాంకు చూడనీకొచ్చిన్రా?"

"లేదమ్మా, ఎండకి."

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "కార్ల కూసునేది మీరే గదా? మా ఆయన చెప్పిండు." ఇంకేం అడగలేదు, కాస్త పక్కకి జరిగింది. నేను పోయి ఆ నీడలోనే కూర్చున్నాను. ఎండ కోసం వెళ్ళి నీడలో కూర్చోవడం వైద్యశాస్త్రానికి ద్రోహమే, ఒప్పుకుంటాను. ఆమెకి మోకాళ్ళ నొప్పులట, కొడుకు పాలిటెక్నిక్ మధ్యలో మానేశాడట, ఆ వడియాలు మూడో అంతస్తు అత్తమ్మవట. ఎండిన ఒకటి తీసి ఇచ్చింది, వేయించకుండానే నమిలాను, ఇంగువ ఎక్కువైంది. గంటసేపు ఎలా పోయిందో తెలీదు. ఆ రోజు సాయంత్రం కారు మూడు నిమిషాల్లో దిగాను. డి మహిమ అనే అనుకుందాం.

8 సాషేలయ్యాక మళ్ళీ పరీక్ష. 42. నల్ల అక్షరాలు, బాణం లేదు. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"హమ్మయ్య, ఇంక ఏ లోటూ లేదు," అంది. "మరి గొంతేంట్రా ఇంకా అలాగే ఉంది?"

"ఏమోనమ్మా."

కాసేపు చప్పుడు లేదు.

"బి12 చూపించుకోరాదూ?"

చూపించుకున్నాను. దేవుడి దయవల్ల అదీ తక్కువే.