నల్లా బిగించాక వెనక్కి తిప్పొద్దన్నా!

కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళకీ బాత్రూం రిపేర్ పెట్టుకునేవాళ్ళకీ ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గోడకి చెమ్మ వస్తే ముందు పైపు కంపెనీని తిడతారు, తర్వాత టైల్స్ మేస్త్రీని తిడతారు, గ్రౌటింగ్ మళ్ళీ చేయిస్తారు, వాటర్‌ప్రూఫ్ కెమికల్ పూయిస్తారు, డబ్బులు పోతాయి గానీ చెమ్మ మాత్రం పోదు. నేను చూసిన ఇళ్ళల్లో చాలాసార్లు అసలు లీకు ఎక్కడంటే గోడలో ఉన్న ఎల్బోకి, అంటే పైపు మలుపు ముక్కకి, నల్లా ఎక్కే ఆ అరంగుళం థ్రెడ్ (మరలు) దగ్గరే.

పని జరిగేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. యాంగిల్ కాక్‌కి, అంటే గోడ దగ్గర నీళ్ళు కట్టేసే చిన్న నల్లాకి, టెఫ్లాన్ టేప్ గబగబా చుట్టి గోడలోకి తిప్పుతారు, పానా వేసి లాగుతారు, బాగా టైట్ అయ్యేసరికి కాక్ మూతి పక్కకి తిరిగి ఉంటుంది. నిటారుగా రావాలంటే ఇంకో ముప్పావు చుట్టు ముందుకి పోవాలి, అది కష్టం, అందుకని పావు చుట్టు వెనక్కి తిప్పి సరిచేసి అయిపోయింది సార్ అంటారు. ఆ రోజు చుక్క కూడా రాదు మరి, కొన్ని నెలలు పోయాక పక్క బెడ్రూం గోడకి పెయింట్ పొక్కులు లేస్తుంది.

థ్రెడ్‌ని ఎంత బిగించినా మేల్ ఫీమేల్ మరల (లోపలికి దూరేవాటి, వాటిని పట్టుకునేవాటి) మధ్య సన్నని సందు ఒకటి మెలికలు తిరుగుతూ ఉండిపోతుంది. అరంగుళం పైపు థ్రెడ్‌లో అంగుళానికి 14 మరలు ఉంటాయి, టేపర్ థ్రెడ్ అయితే ప్రతి 16 మిల్లీమీటర్లకి 1 మిల్లీమీటర్ చొప్పున లావెక్కుతుంది కాబట్టి లోపలికి పోయేకొద్దీ ఇరుక్కుంటుంది. టేప్ చేసే పని రెండే, మరలు ఇంకాస్త లోతుకి జారేలా చేయడం, మిగిలిన సందుని నింపడం. టెఫ్లాన్ మెత్తటిది, ఒత్తితే సందులోకి సర్దుకుంటుంది, కానీ రబ్బరులాగా మళ్ళీ ఉబ్బదు. వెనక్కి తిప్పారంటే ఆ ఇరుకు వదులైపోతుంది, నలిగిన టేప్ నలిగినట్టే ఉంటుంది, ఇక నీళ్ళని ఎవరు ఆపాలి?

ఈ అలవాటు జీఐ పైపుల (జింకు పూత ఇనప పైపుల) కాలం నుంచి వచ్చిందేమో అని నాకు అనిపిస్తుంది. అప్పుడు జనపనార పీచు చుట్టి సఫేదా అనే తెల్ల పేస్టు రాసేవాళ్ళు, పీచు తడిస్తే ఉబ్బుతుంది కాబట్టి కొంచెం వెనక్కి తిప్పినా జాయింట్ తట్టుకునేది. ఇప్పుడు పీచు పోయి టేప్ వచ్చింది, చెయ్యి మాత్రం మారలేదు.

మూతి సరిగా రాకపోతే దారి ఒక్కటే, పూర్తిగా విప్పాలి, పాత టేప్ ముక్క మిగలకుండా గీకేయాలి, ఒకటి రెండు చుట్లు ఎక్కువో తక్కువో వేసి మళ్ళీ బిగించాలి. ఐదు నిమిషాల పని. అసలు ముందే టేప్ లేకుండా చేత్తో తిప్పి చూసుకుంటే ఎక్కడ ఇరుక్కుంటుందో సగం తెలిసిపోతుంది. థ్రెడ్ మూతి మన వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కులో లాగి పట్టి చుట్టాలి, ఉల్టా చుడితే బిగించేటప్పుడే టేప్ మొత్తం ఊడి బయటికి వస్తుంది. షాపుల్లో దొరికే పల్చటి టేప్ అయితే పది పన్నెండు చుట్లు పడుతుంది, మూడు చుట్లతో సరిపెట్టే ప్లంబర్‌ని అక్కడే ఆపండి. మొదటి మర వదిలేయాలి, లేదంటే ఆ ముక్కలే నల్లా జాలీలో ఇరుక్కుని ధార సన్నబడుతుంది.

ఇంకోటి, గీజర్ కనెక్షన్ పైపుకీ హెల్త్ ఫాసెట్ పైపుకీ కూడా టేప్ చుట్టేస్తుంటారు. అక్కడ నీళ్ళని ఆపేది లోపలి రబ్బరు వాషర్, థ్రెడ్ కాదు. వాషర్ మార్చండి చాలు.

ప్లాస్టిక్ ఫీమేల్ థ్రెడ్‌లోకి ఇత్తడి నల్లా బిగించనివ్వొద్దు దయచేసి. టేపర్ ఇత్తడి లోపలికి పోతుంటే ప్లాస్టిక్ బయటికి సాగుతుంది, వేడినీళ్ళ లైనైతే ఇంకా ఘోరం, చివరికి నిలువుగా చీలుతుంది, అదీ గోడలో. సీపీవీసీ (వేడినీళ్ళకి కూడా వాడే ప్లాస్టిక్ పైపు) లైన్‌లో ఇత్తడి థ్రెడ్ ఉన్న ఎల్బోనే అడగండి, కొంచెం ఖరీదెక్కువే, కానీ టైల్స్ పగలగొట్టి మళ్ళీ వేయించే ఖర్చు ముందు అదెంత? సీపీవీసీకి ఏది పడితే ఆ పేస్టు కూడా రాయనివ్వకండి, కొన్ని నూనె పేస్టులు ఆ ప్లాస్టిక్‌ని పాడుచేస్తాయి, టెఫ్లాన్ టేప్‌తో ఆ భయం లేదు.

నాకు బాగా కోపం తెప్పించేది ప్రెషర్ టెస్ట్ ఎగ్గొట్టడం. నల్లాలు వచ్చే అన్ని పాయింట్లకీ డమ్మీలు (మూసే బిరడాలు) బిగించి, గాలి పోయేలా లైన్ నిండా నీళ్ళు నింపి, చేతి పంపుతో మామూలు ప్రెషర్‌కి కనీసం ఒకటిన్నర రెట్లు ఎక్కించి ఆ రాత్రంతా వదిలేయాలి. పైన ట్యాంకు పది మీటర్ల ఎత్తులో ఉంటే కింద నల్లా దగ్గర పడేది చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ ప్రెషరే, ట్యాంకు నీళ్ళు వదిలి చూసేసి బాగానే ఉందిగా అంటే ఎలా? రేపు ప్రెషర్ పంపు పెడితే ఆ జాయింట్ నిలబడుతుందని ఎవరు చెప్పాలి? టైల్స్ వాళ్ళు రెడీగా ఉన్నారు, ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ దొరకరు అని తొందర పెడతారు. దొరక్కపోయినా పర్లేదు. పొద్దున మీరే వెళ్ళి గేజ్ చూడండి, ముల్లు కిందికి దిగి ఉంటే ఏ డమ్మీ దగ్గర తడి ఉందో వేలు పెట్టి వెతికించండి, అది సరిచేసి మళ్ళీ టెస్ట్ పెట్టించాకే గోడ మూయనివ్వండి.