మహారాజరాజశ్రీ బీరువా గారికి

విశాఖపట్నం,
సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుటి వీధి.

మహారాజరాజశ్రీ బీరువా గారికి, దస్తావేజు లేఖరి దగ్గర గుమాస్తాగా బతుకు లాగుతున్న ఒకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నా కుశలం సంగతి అలా ఉంచండి. మీ కుశలానికి ఏ ఢోకా లేదని రోజూ చూస్తూనే ఉన్నాను.

మనుషుల మధ్య ఇంత ఎక్కువ తక్కువలు ఎందుకని అడిగితే టీవీలో పెద్దమనుషులు కష్టం అంటారు, చదువు అంటారు, తలరాత అంటారు. మీ పేరు ఒక్కరూ ఎత్తరు. కష్టమే కారణమైతే, తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్లో బోటు మీంచి చేపల తట్టలు దింపే కలాసీ ఈపాటికి బీచ్ రోడ్డులో మేడ కట్టి ఉండాలి. మీరు మాత్రం పడగ్గదిలో ఓ మూల నిలబడి, కలరా ఉండల వాసన పీలుస్తూ, పట్టుచీరల అడుగున ఒక ప్లాస్టిక్ కవరు దాచుకుని ఉంటారు. అందులో అసలు దస్తావేజు, ఆ ఆస్తి అంతకుముందు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు, దాని మీద జరిగిన లావాదేవీలు చెప్పే ఈసీ, పన్ను రసీదులు. ఆ కవరు ఒక్క పనీ చెయ్యదు. దాని రేటు మాత్రం ఆదివారాలు కూడా పెరుగుతుంది.

భోగాపురం ఎయిర్‌పోర్టుకి 2019లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2023లో ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ చేశారు. రాయి పడ్డప్పుడల్లా చుట్టుపక్కల గజం లేచి కూర్చుంది. మధ్యలో, 2019 డిసెంబరులో, విశాఖ రాజధాని అన్నారు. రాజధాని రాలేదు గానీ బ్రోకర్లు చెప్పిన రేటు వెనక్కి తగ్గలేదు. రోడ్డు వేసింది అందరి పన్నులతో. ఆ రోడ్డుకి తారు మరిగించినవాడి కూలి ఆ సాయంత్రంతో సరి. రోడ్డు పక్క ఎకరానికి పెరిగిన విలువ మనవల దాకా వస్తుంది. కూలీలో మిగిల్చుకుని వంద గజాలు కొందామని మధురవాడలో బేరం మొదలుపెట్టినవాడు, డబ్బు కూడేసరికి ఆనందపురం దాటి తగరపువలస చేరాడు. స్థలం ఎప్పుడూ అతనికన్నా ఒక స్టాపు ముందే దిగిపోతోంది.

ప్రభుత్వం కొన్నాళ్లు మీ మీద కన్నేసిన మాట నిజమే. 1953లో ఎస్టేట్ డ్యూటీ పెట్టింది, అంటే పోయినవాళ్ల ఆస్తి వారసులకి వెళ్లేటప్పుడు కట్టే పన్ను. పెద్ద ఆస్తుల మీద పై శ్లాబు 85 శాతం దాకా వెళ్లింది. అయినా రాబడి మహా స్వల్పం, వసూలు ఖర్చు దండగ అంటూ 1985లో ఎత్తేశారు. 1957 నాటి సంపద పన్నుకి కూడా 2015 బడ్జెట్‌లో అదే మాట చెప్పి నీళ్లు వదిలారు. 2013-14లో దేశం మొత్తం మీద వచ్చింది 1,008 కోట్లేనట! దొంగలు దొరకడం లేదని పోలీస్ స్టేషన్ మూసేసినట్టుంది. వారసత్వం మీద జపాన్‌లో పన్ను పై శ్లాబు 55 శాతం, బ్రిటన్‌లో 40. మన దగ్గర 2024 ఎన్నికలప్పుడు ఒకాయన అమెరికా ఉదాహరణ చెబుతూ ఆ మాట ఎత్తితే, సొంత పార్టీయే మాకు సంబంధం లేదని చేతులు దులిపేసుకుంది. సబ్బు కొంటే జీఎస్టీ, ఫోన్ రీచార్జికి జీఎస్టీ. తాత ఎకరం మనవడికి వస్తే వారసత్వ పన్ను సున్నా. దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది దగ్గరే ఉందని థామస్ పికెట్టీ, ఆయన తోటి ఆర్థికవేత్తలు 2022-23కి లెక్క కట్టారు. వాళ్లెందుకంత శ్రమపడ్డారో గానీ, మిమ్మల్ని తెరిచి చూస్తే పోయేది.

అన్ని ఇళ్లలోనూ మీరు ఉండరు. అగనంపూడి, గాజువాక వైపు నిర్వాసితుల కాలనీల్లో రేకు పెట్టెలుంటాయి. వాటిలోనూ ఒక కాగితం ఉంటుంది, దాని పేరు ఆర్ కార్డు. ఉక్కు ఫ్యాక్టరీకి భూమి ఇచ్చిన కుటుంబానికి ఉద్యోగం వస్తుందన్న భరోసా అది. కొందరికి వచ్చింది. రానివాళ్ల ఇళ్లలో తాత పెట్టుకున్న దరఖాస్తు తండ్రి చేతికి, తండ్రిది కొడుకు చేతికి వచ్చింది. 2021 జనవరిలో ఆ ఫ్యాక్టరీనే నూరు శాతం అమ్మేద్దామని కేంద్రం నిర్ణయించింది. ఆ దరఖాస్తూ వారసత్వమే మరి. దాని మీదా పన్ను లేదు.

1985 అన్నాను కదా. ఆ ఏడాది మీకు ఒక గండం కూడా వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లకీ మగపిల్లాడితో సమాన వాటా అన్న సవరణ ఆ సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. మీరు కంగారుపడే ఉంటారు. ఆ కంగారు తీర్చడానికే మా బల్ల ఉంది. దస్తావేజు పేరు హక్కు విడుదల, అంటే నా వాటా నాకొద్దని రాసిచ్చే కాగితం. "ఊరికే ఫార్మాలిటీ అక్కా, ఇక్కడ సంతకం పెట్టు" అంటాడు తమ్ముడు. అక్క చదవదు, ఎంత విలువని అడగదు. లోపల మెషీన్ మీద వేలు పెట్టిస్తారు. గిన్నెలు తోమి, బట్టలుతికి అరిగిన ముద్ర, మెషీన్ తీసుకోదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ నొక్కుతుంది. ఈ వేలు కాదు ఆ వేలు, ఆ చెయ్యి కాదు ఈ చెయ్యి. వెనక క్యూలో విసుక్కుంటారు. చివరికి ఏదో ఒక వేలికి ముద్ర పడుతుంది, తమ్ముడు ఊపిరి పీల్చుకుంటాడు. ఆమెకో చీర కొని కాంప్లెక్స్‌లో బస్సెక్కిస్తాడు. పెళ్లికి కట్నం ఇచ్చాం కదండీ అని నాతో అంటాడు, నేను అడగకుండానే. ఆ కట్నం ఆవిడ బీరువాలోకి వెళ్లలేదని అతనికీ తెలుసు. ఇలాంటివి ఉంటేనే మాకు రాత చార్జీలు, అది వేరే సంగతి.

ఇక అసలు పని. మీ యజమాని గారి అబ్బాయి నిన్న మా దగ్గరికి వచ్చాడు. ఈ దేశంలో కష్టపడేవాడికి విలువ లేదు, అంతా ఫ్రీ పథకాలతో సోమరిపోతులైపోతున్నారని చాలాసేపు బాధపడ్డాడు. నాన్నగారు తన పేరున రాస్తున్న సెటిల్‌మెంట్ డీడ్‌కి స్టాంపు డ్యూటీ ఇంకా తగ్గే దారేమైనా ఉందా అని అడిగాడు. ఇంట్లోవాళ్లకి రాసేది కాబట్టి ఇప్పటికే అమ్మకం కన్నా తక్కువే పడుతుందన్నాను. అయినా చాలదట. కనుక్కుని చెబుతానన్నాను. ఈలోగా ఒరిజినల్ ఆధార్, లింకు డాక్యుమెంట్ల జెరాక్సులు పంపించండి. సాక్షులు ఇద్దరు కావాలి. దొరక్కపోతే బయట టీ కొట్టు దగ్గర ఉంటారు, మనిషికి ఇంతని ఇస్తే సంతకం పెట్టి వెళ్లిపోతారు.

ఇట్లు,
తమ విధేయుడు