నీటి ఎలుగుకు చావు లేదన్న ప్రచారం: మాట మాటకూ జవాబు

ఎనిమిది పొట్టి కాళ్లతో, ముడతలు పడిన ఒంటితో బొద్దుగా కనిపించే ఒక ప్రాణి బొమ్మను పెట్టి, దాని కింద ఆరు మాటలు, చివర ఒక తీర్పు రాసిన సందేశం ఏళ్ల తరబడి చేతులు మారుతూనే ఉంది. ఆ ప్రాణి పేరు టార్డిగ్రేడ్, వాడుకలో నీటి ఎలుగు. అది మరిగే నీటిలోనూ గడ్డకట్టే చలిలోనూ హాయిగా బతుకుతుందనీ, నీళ్లూ తిండీ లేకుండా 120 ఏళ్లు ఉంటుందనీ, ఏ రక్షణా లేకుండా అంతరిక్షంలో తిరిగి వచ్చిందనీ, అణుబాంబు పడినా చావదనీ, దాని జన్యువుల్లో ఆరో వంతు పరాయివి కనుక వేరే గ్రహం నుంచి వచ్చిందనీ, ఇప్పుడు చంద్రుడి మీద వేల సంఖ్యలో బతుకుతోందనీ ఆ సందేశం చెబుతుంది. కాబట్టి దానికి మరణమే లేదన్నది తీర్పు.

ఈ మాటల్లో గాలిలోంచి పుట్టినది దాదాపు ఒక్కటీ లేదు. ప్రతి మాట వెనుకా నిజంగా జరిగిన ఒక ప్రయోగమో, ఒక పరిశీలనో ఉంది. అందుకే ఇవి ఇంత సులువుగా నమ్మకం కలిగిస్తాయి, అందుకే వీటిని కొట్టిపారేయకుండా ఓపిగ్గా విప్పి చూడవలసి వస్తుంది. ఆ ప్రాణి ఏ స్థితిలో ఉండగా పరీక్షించారు, ఎంతసేపు పరీక్షించారు, ఎన్నింటిలో ఎన్ని మిగిలాయి అన్న మూడు వివరాలు చేతులు మారే దారిలో జారిపోయాయి. అవి లేకపోతే మిగిలినది సగం నిజం కూడా కాదు.

తీర్పు సంగతి ముందుగా చూద్దాం, ఎందుకంటే తక్కిన మాటలన్నీ దాని మీదే ఆనుకుని ఉన్నాయి. గోడ మీద ఎండిపోయిన నాచును చిటికెడు గీకి, గాజుపళ్లెంలో నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, మర్నాడు దాన్ని పిండి, ఆ నీటి చుక్కను 40 రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని కింద పెట్టి వెతికితే నీటి ఎలుగు కనిపించే అవకాశం బాగానే ఉంటుంది. చాలా జాతుల్లో దాని పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. నేను మొదటిసారి చూసినది ఒక నాచు ఆకు అంచును వెనుక కాళ్ల గోళ్లతో పట్టుకుని, ముందు కాళ్లను నీళ్లలో ఆడిస్తూ, అందని దేనికోసమో తడుముకుంటున్నట్టు ఉంది. ఒళ్లు పారదర్శకం కావడంతో కడుపులోని పచ్చని తిండి కూడా బయటికే కనిపించింది. చూస్తూ ఉండగా గాజు మీది నీరు ఆరిపోయింది. అది కదలడం మానేసి, చదునుగా అతుక్కుపోయింది. తర్వాత నీరు వేసి గంటల తరబడి ఎదురుచూసినా లేవలేదు.

ఆ ప్రాణి చావడానికి నిప్పు అక్కర్లేదు, శూన్యమూ అక్కర్లేదు. నీరు మరీ తొందరగా ఆరిపోతే చాలు. నాచు మధ్య తేమ మెల్లగా తగ్గుతూ వచ్చినప్పుడు మాత్రం అది కాళ్లను లోపలికి లాక్కుని, ఒంటిని పీపా ఆకారంలోకి ముడుచుకుని, శరీరంలోని నీటిని నూటికి మూడు పాళ్ల దాకానో అంతకన్నా తక్కువకో దించుకుని, జీవక్రియను దాదాపు ఆపేస్తుంది. ప్రసిద్ధికెక్కిన ఓర్పులో చాలా భాగం ఈ పీపా దశకు చెందినదే. మేలుకుని, తింటూ, కుబుసం విడుస్తూ, కొన్ని జాతుల్లో ఆ విడిచిన కుబుసంలోనే గుడ్లు పెడుతూ తిరిగే నీటి ఎలుగు ఆయుష్షు జాతిని బట్టి కొన్ని నెలల నుంచి రెండేళ్ల వరకు. నులిపురుగులు దాన్ని తింటాయి. మిల్నీసియం అనే జాతి నీటి ఎలుగులైతే తోటి నీటి ఎలుగులనే మింగుతాయి.

ఇక మరిగే నీటి సంగతి. 1920లలో గిల్బర్ట్ రామ్ అనే మతాచార్యుడు ఎండిన నీటి ఎలుగులను 150 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి కొద్ది నిమిషాలు ఉంచితే కొన్ని తిరిగి లేచాయి. మైనస్ 272 డిగ్రీల చలిలో పెట్టినా లేచాయి. సందేశం ఈ ఫలితాన్ని తీసుకుని నిమిషాలను వదిలేసింది, ఎండిన స్థితిని వదిలేసింది, నీటిని తెచ్చి కలిపింది. 2020లో కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రామజోటియస్ వేరియోర్నేటస్ అనే జాతిని, అంటే గట్టివాటిలోనే గట్టిదని పేరున్న జాతిని, ఇదే ప్రశ్నతో పరీక్షించారు. మేలుకుని ఉన్నవాటిని ముందుగా అలవాటు చేయకుండా వేడి నీటిలో ఒక రోజు ఉంచితే, 37.1 డిగ్రీల వద్దనే సగం చనిపోయాయి. మరిగే నీరు కాదు, జ్వరం లేని మనిషి ఒంటి వేడి అది. పీపా దశలో ఉన్నవి గంటసేపైతే 82.7 డిగ్రీల వద్ద సగం పోయాయి. ఒక రోజంతా ఉంచితే 63.1 డిగ్రీలే ఆ హద్దు. ఎంతసేపు అన్న ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన జవాబు నాకు తెలియదు. లోకమంతా వేడెక్కుతున్న కాలంలో ఈ ప్రాణికి ఏమీ కాదన్న ధీమా ఎంత పొరపాటో కూడా ఈ అంకెలే చెబుతున్నాయి.

వేడి నీటి బుగ్గల్లో ఉండే నీటి ఎలుగు ఒకటుందని కూడా కొందరు ఈ సందేశానికి జోడిస్తారు. జపాన్‌లో నాగసాకి దగ్గరి ఉన్‌జెన్ బుగ్గలో దొరికిందని ఆ రామ్ గారే 1937లో ప్రకటించారు. ఆ తర్వాత దాన్ని మరెవ్వరూ కనుక్కోలేకపోయారు. చలి విషయంలో సందేశానికి కొంత ఆధారం ఉన్నమాట నిజమే కాని, అక్కడ కూడా తట్టుకోవడం వేరు, హాయిగా బతకడం వేరు. వేడి బుగ్గల్లోని కొన్ని బ్యాక్టీరియా ఆ వేడిలోనే పెరిగి సంతతిని పెంచుకుంటాయి, వాటికి అదే ఇల్లు. నీటి ఎలుగు అలా కాదు. కష్టకాలం గడిచేదాకా ముడుచుకుని ఉంటుంది, గడిచాకే దాని బతుకు మళ్లీ మొదలవుతుంది.

120 ఏళ్ల మాటకు మూలం 1948 నాటి ఒక ఇటాలియన్ పరిశీలన. ఫ్రాన్సెస్కీ అనే పరిశోధకురాలు ఒక సంగ్రహాలయంలో 120 ఏళ్లుగా ఎండి ఉన్న నాచును తడిపి చూసినప్పుడు, ఒకే ఒక్క నీటి ఎలుగు ఒంట్లో, ముఖ్యంగా ముందు కాళ్లలో, స్వల్పమైన వణుకు కనిపించింది. అది లేచి నడవలేదు. నీరు పీల్చుకుని కణజాలం ఉబ్బినప్పుడు కూడా అలాంటి కదలిక రావచ్చు. 2001లో యాన్సన్, బెర్టొలానీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ కథను మూలం దాకా తవ్వి చూసి, శతాబ్దం పైగా బతికాయనడానికి అది రుజువు కాదని రాశారు. మామూలు గది వేడిలో ఎండి ఉన్నవాటి విషయంలో రుజువైన కాలాన్ని దశాబ్దాల్లో కాక ఏళ్లలోనే లెక్కపెట్టాలి.

గడ్డకట్టించి దాచినవాటి కథ వేరు, అది నన్ను నిజంగా కదిలించే కథ. 1983 నవంబరులో జపాన్ పరిశోధకులు అంటార్కిటికాలో సేకరించిన నాచును మైనస్ 20 డిగ్రీల వద్ద దాచి, 2014 మేలో, అంటే ముప్పై ఏళ్లు దాటాక, బయటికి తీసి తడిపారు. రెండు నీటి ఎలుగులు, ఒక గుడ్డు ప్రాణంతో ఉన్నాయి. మళ్లీ మెల్లగా పాకడానికీ, తిండి తినడానికీ వాటికి రోజులు పట్టింది. ఒకటి 20 రోజులకు చనిపోయింది. రెండోది కోలుకుని 19 గుడ్లు పెట్టగా, 14 పొదిగి పిల్లలయ్యాయి. ఇంత అద్భుతమైన నిజం చేతిలో ఉండగా దాన్ని పక్కన పెట్టి, వణికిన కాలి కథను ప్రచారం చేయడం ఎందుకో నాకు అర్థం కాదు.

అంతరిక్షయానం నిజమే. 2007 సెప్టెంబరులో ఫోటాన్-ఎం3 అనే వ్యోమనౌకలో రెండు జాతుల నీటి ఎలుగులను ఎండిన స్థితిలో పంపి, పది రోజులు శూన్యానికి గురిచేశారు. 120 ఏళ్ల కథను సరిదిద్దిన యాన్సన్ గారే ఈ ప్రయోగానికీ నాయకత్వం వహించారు. శూన్యానికి మాత్రమే గురైనవాటిలో అధిక భాగం మళ్లీ లేచాయి, గుడ్లు కూడా పెట్టాయి. కాని శూన్యంతో పాటు సూర్యుడి అతినీలలోహిత కిరణాలు నేరుగా తగిలినవాటిలో మిగిలినవి వేళ్ల మీద లెక్కించదగినన్నే. ఏ రక్షణా లేకుండా అన్న మాట ఇక్కడే చెల్లదు; బతికినవాటిని చాలావరకు కాపాడినది నీడ.

అణుబాంబు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బాంబు అంటే రేడియేషన్ ఒక్కటే కాదు, మంటా, పేలుడూ కూడా. వేడి ముందు ఈ ప్రాణి గతి ఏమిటో పైన చూశాం. రేడియేషన్ వరకే అయితే దాని ఓర్పు గొప్పదే. మనిషికి నాలుగైదు గ్రేలు (గ్రే అంటే ఒళ్లు పీల్చుకున్న రేడియేషన్‌కు కొలత) ప్రాణాంతకం కాగా, మిల్నీసియం జాతిలో సగం చావడానికి దాదాపు 5000 గ్రేలు కావలసి వచ్చింది. అయితే అందులో చాలా తక్కువ మోతాదుకే వాటి గుడ్లు పొదగడం ఆగిపోయింది. సంతానం లేకుండా కొద్దికాలం కదలాడటాన్ని జాతి మనుగడ అనలేం.

పరాయి జన్యువుల మాట పుట్టినది 2015లో. ఒక అమెరికన్ బృందం నీటి ఎలుగు జన్యువుల్లో దాదాపు ఆరో వంతు బ్యాక్టీరియా మొదలైన ఇతర జీవుల నుంచి వచ్చాయని ప్రకటించింది. గమనించండి, ఆ బృందం కూడా భూమ్మీది జీవుల గురించే చెప్పింది. కొద్ది నెలల్లోనే ఎడిన్‌బరో పరిశోధకులు అదే జాతిని పరీక్షించి, ఆ పరాయి జన్యువుల్లో అత్యధిక భాగం నమూనాలో కలిసిపోయిన బ్యాక్టీరియావేనని, నిజంగా బయటి నుంచి చేరినవి నూటికి ఒకటి రెండు పాళ్లకు మించవని చూపించారు. కుబుసం విడిచే కీటకాలు, సాలీళ్లు నీటి ఎలుగుకు దూరపు చుట్టాలు. కోట్ల ఏళ్ల నాటి గుగ్గిలంలో చిక్కుకున్న నీటి ఎలుగు శిలాజాలు కూడా దొరికాయి. దాని వంశవృక్షం మొదలంటా ఇక్కడిదే.

చివరిది చంద్రుడి మాట. 2019 ఏప్రిల్ 11న ఇజ్రాయెల్‌కు చెందిన బెరెషీట్ నౌక చంద్రుడి మీద దిగబోయి కూలిపోయింది. అందులో ఎండిన నీటి ఎలుగులు కొన్ని వేలు జిగురులాంటి పదార్థంలో పొదిగి ఉన్నాయి. అవి ఆ దెబ్బకు తట్టుకోగలవా అన్న ప్రశ్నతో బ్రిటన్‌లోని కెంట్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు గడ్డకట్టించిన నీటి ఎలుగులను నైలాన్ గుండ్లలో నింపి, వాయు తుపాకీతో ఇసుక మీదకు పేల్చారు. 2021లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, సెకనుకు దాదాపు 900 మీటర్ల వేగం వరకు కొన్ని బతికాయి. అది దాటితే ముక్కలే మిగిలాయి. నౌక లోహపు చట్రం నేలను తాకినప్పుడు పుట్టిన ఒత్తిడి ఆ హద్దును మించి ఉంటుందని వారి అంచనా. ఒకవేళ ఏ మూలనో కొన్ని పీపాలు చెక్కుచెదరకుండా మిగిలినా, వాటి చుట్టూ పీల్చడానికి గాలి లేదు, తినడానికి నాచు లేదు, ముడుచుకున్న కాళ్లను చాపడానికి కావలసిన నీటి చుక్క లేదు.