లేని ప్రవాహంలో కొట్టుకుపోయిన గొర్రెపిల్ల

గుండ్లకమ్మ నల్లమల కొండల్లో పుట్టి, కంభం చెరువు నింపి, అద్దంకి మీదుగా సముద్రంలో కలుస్తుందని చిన్నప్పుడు అయ్యోరు చెప్పారు. పాత సిలబస్. ఇప్పుడది నీటి లెక్కల రిజిస్టరులో పుట్టి, వాట్సాప్ గ్రూపులో పారి, సాయంత్రానికల్లా 'నిల్' అయిపోతోంది.

మా వంతెన స్తంభానికి ఓ స్కేలు ఉంది. నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయో చూసి, ఆ మట్టానికి ఎన్ని క్యూసెక్కులో పట్టికలో వెతికి రాసుకోవాలి. ఏర్పాటు మంచిదే, కాకపోతే ఆ పట్టిక రాసిన రోజు ఏటి అడుగు ఎక్కడుందో ఈరోజూ అక్కడే ఉండాలి. మన ఏటి అడుగేమో ఇసుకగా టిప్పరెక్కి ఎప్పుడో ఊరు దాటింది.

అందుకని స్కేలు మీద సున్నా గాల్లో వేలాడుతోంది, ఏరు దాని కింద పారుతోంది.

మొన్న వానలకి గొర్రెలు ఆ ఒడ్డున చిక్కుకున్నాయి. నీటి మట్టం రాసుకునే లస్కరు వంతెన మీంచి తొంగిచూశాడు. స్కేలు తడవలేదు, అంటే ప్రవాహం లేదు. "అన్నా, నీళ్లు నడుము దాకా ఉండాయే" అని కాపరి అరిస్తే, "నువ్వుండేది సున్నాకి కింద అబ్బయా, అది లెక్కలోకి రాదు" అన్నాడు. పైనుంచి సారు ఫోన్లోనే నిల్ అని ఖాయం చేశారు. గొర్రెలు ఆ నిల్‌లో ఈదుకుంటూ వచ్చాయి, ఒక పిల్ల కొట్టుకుపోయింది. పరిహారం అడిగితే అసలు సమస్య మొదలైంది. మునిగి చచ్చిందని రాస్తే రిజిస్టరు అబద్ధమవుతుంది, రిజిస్టరు నిజమైతే గొర్రె బతికే ఉండాలి. చివరికి గుండెపోటని రాసుకున్నారు. చిన్న వయసు, పాపం, టెన్షన్ ఎక్కువైనట్టుంది.

కింద ఇదే ఏటి మీదున్న మల్లవరం రిజర్వాయరులో 2022లో ఒక గేటు, 2023లో ఇంకో గేటు కొట్టుకుపోయాయి. వాటికీ బీపీ ఉందేమో కనుక్కోవాలి.

స్కేలు కిందికి దించొచ్చు కదా అంటారా? దించితే ఎన్ని అడుగుల ఇసుక పోయిందో సర్కారు కాగితం మీద సర్కారే ఒప్పుకున్నట్టు. ఏరు అబద్ధమైనా పర్వాలేదు గానీ అంత పని చేస్తారా?

నవ్వొస్తోంది కదా. నాకు రావడం లేదు. 2021 నవంబర్ 19, కార్తీక పౌర్ణమి, తెల్లవారుజామున అప్పటి కడప జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి జనం లేచి బయటికొచ్చేలోపు వీధిలో ఏరుంది. ఆ వరదతోనే పెన్న పొంగి, మన నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు తెగాయి. కొండ ఏరు రాత్రికి రాత్రే దిగుతుంది, సార్లూ, మీ పొద్దుటి రీడింగుకీ సాయంత్రం రీడింగుకీ మధ్య ఊళ్లకి ఊళ్లు మునుగుతాయి! వాన పడే రాత్రి స్కేలు దగ్గర ఒక మనిషిని కూచోబెట్టడానికీ, కింది ఊళ్లకి ఒక ఫోన్ చేయించడానికీ ఏం రోగం మీకు? మనుషులు పోతే కూడా గుండెపోటనే రాస్తారా?

ముందు ఆ స్కేలు దించండి. ఎన్ని అడుగులు దించాలో తెలియకపోతే టిప్పర్ల ఓనర్లని అడగండి, వాళ్ల లెక్క పక్కాగా ఉంటుంది.